ఆర్‌లో పైప్ గుర్తుతో ఉన్న ఫ్లోరైడ్ రీడింగులు విడగొడితే సగటు గరిష్ఠం కన్న ఎక్కువొస్తోంది

మునుగోడు_డేటా అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. నల్లగొండ జిల్లా ఊర్ల బోరు నీళ్ల పరీక్షల ఫైల్ ఒకటి ఉంది. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా తీసి ఆర్ (లెక్కల ప్రోగ్రామింగ్ భాష) 4.3 లో చదువుతున్న, విండోస్ మీద. ఊరికి ఒక్క వరుస. ఆ ఊర్లో ఎన్ని బోర్లు పరీక్షిస్తే అన్ని ఫ్లోరైడ్ రీడింగులు ఒకే సెల్‌లో, మధ్యల పైప్ గుర్తు పెట్టి కొట్టిన్రు. పక్క కాలమ్‌లో ఒక్కో బోరు మీద ఆధారపడ్డ ఇండ్ల సంఖ్య, అదీ పైప్‌లతోనే. ఊర్ల పేర్లు తీసేసి, అంకెలు మార్చి నమూనా పెడుతున్న:

ఊ1: ఫ్లోరైడ్ 1.2|2.8|0.9|3.1, ఇండ్లు 120|45|60|30
ఊ2: ఫ్లోరైడ్ 0.8|<0.2|1.6, ఇండ్లు 80|40|55
ఊ3: ఫ్లోరైడ్ 4.2|, ఇండ్లు 95
ఊ4: ఫ్లోరైడ్ 2.1||1.9, ఇండ్లు 60|35|70
ఊ5: ఫ్లోరైడ్ ఖాళీ, ఇండ్లు 50|40

ఊరికి సగటు, గరిష్ఠం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్లు ఎన్ని, ఇండ్ల లెక్కన వెయిటెడ్ సగటు ఎంత, ఇవి కావాలె. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాసుకుంటం కాబట్టి ఫంక్షన్ పేర్లు పలికినట్టు రాస్తున్న. నడిపింది ఇది:

ముక్కలు <- స్ట్ర్‌స్ప్లిట్(నీళ్లు$ఫ్లోరైడ్, "|")
నీళ్లు$సగటు <- ఎస్‌అప్లై(ముక్కలు, ఫంక్షన్(మ) మీన్(యాజ్.న్యూమరిక్(మ), ఎన్ఏ.ఆర్ఎమ్ = ట్రూ))

ఊ1 కు సగటు 3.25 అని వస్తుంది. ఆ వరుసలో అన్నిటికన్న పెద్ద రీడింగే 3.1. సగటు గరిష్ఠాన్ని ఎట్ల దాటుతది? ఎర్రర్ ఏం లేదు. 'ఎన్ఏస్ ఇంట్రడ్యూస్డ్ బై కోయర్షన్' అని వార్నింగ్ మాత్రం వస్తుంది. ఊ2 లో '<0.2' ఉంది కదా, దాని గురించే అనుకుంటున్న.

పాలమూరు_ఆర్

ఆ వార్నింగ్ ఒక్క '<0.2' గురించి కాదు తమ్మి. ముందు ముక్కలు[[1]] అని కొట్టి చూడు. ఇట్ల కనిపిస్తది:

"1" "." "2" "|" "2" "." "8" "|" "0" "." "9" "|" "3" "." "1"

పైప్ దగ్గర కోయమంటే అక్షరం అక్షరం కోసింది. చుక్కలు, పైప్‌లు యాజ్.న్యూమరిక్‌లో ఎన్ఏ (విలువ లేదన్న గుర్తు) అయినయి, వాటిని ఎన్ఏ.ఆర్ఎమ్ మింగేసింది. మిగిలినవి 1, 2, 2, 8, 0, 9, 3, 1. కూడితే 26, ఎనిమిదితో భాగిస్తే 3.25. నీకొచ్చింది రీడింగుల సగటు కాదు, అంకెల సగటు. గరిష్ఠం గనక అడిగి ఉంటే 9 అని చెప్పేది.

కారణం: స్ట్ర్‌స్ప్లిట్ తన రెండో ఆర్గ్యుమెంటును మామూలు అక్షరంగా చూడదు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా, అంటే అక్షరాల నమూనా చెప్పే రాతగా చూస్తది. అందులో పైప్ అంటే 'ఇటు పక్కదన్నా, అటు పక్కదన్నా' అని. నువ్వు ఇటూ ఏం రాయలే, అటూ ఏం రాయలే. అంటే ఖాళీకి మ్యాచ్ అయితది. ఖాళీ ప్రతిచోటా దొరుకుతది కాబట్టి ఒక్కో అక్షరం తెంపుకుంట పోయింది. విడగొట్టే గుర్తు చుక్క అయితే ఇంకా ఘోరం: చుక్కంటే 'ఏ అక్షరమైనా' అని అర్థం, ముక్కలన్నీ ఉత్త ఖాళీ కొటేషన్లే వస్తయి. ప్లస్, స్టార్, డాలర్, బ్రాకెట్లు, అన్నిటితో ఏదో ఒక తిరకాసు ఉంటది. సెమికోలన్‌కు, కామాకు ఈ బాధ లేదు. అందుకే వాటితో అలవాటైనవాళ్లకు పైప్ దగ్గరికి రాంగనే దెబ్బ తగులుతది.

మందు ఒక్క మాట:

ముక్కలు <- స్ట్ర్‌స్ప్లిట్(నీళ్లు$ఫ్లోరైడ్, "|", ఫిక్స్‌డ్ = ట్రూ)

"[|]" అని రాసినా, "\\|" అని రాసినా పని అయితది. కానీ ఫిక్స్‌డ్ పెడితే చదివేటోడికి ఉద్దేశం తెలుస్తది, పెద్ద ఫైల్ మీద వేగం కూడా.

ఇంకోటి, ఎస్‌అప్లై బదులు వీఅప్లై వాడు. ఎస్‌అప్లై తనకు తోచిన ఆకారంలో ఇస్తది: ప్రతి ఊరికీ ఒక్కో సంఖ్య వస్తే వెక్టర్, రెండేసి వస్తే మ్యాట్రిక్స్, ఒక ఊరికి రెండు ఇంకో ఊరికి మూడు వస్తే లిస్ట్. వీఅప్లైకి చివర న్యూమరిక్(1) అని చెప్పినవంటే, ఊరికి సరిగ్గా ఒక్క సంఖ్య రాకుంటే అక్కడే ఆగి ఎర్రర్ ఇస్తది.

విలువలు <- ఎల్‌అప్లై(ముక్కలు, యాజ్.న్యూమరిక్)
నీళ్లు$సగటు <- వీఅప్లై(విలువలు, మీన్, న్యూమరిక్(1), ఎన్ఏ.ఆర్ఎమ్ = ట్రూ)
నీళ్లు$దాటినవి <- వీఅప్లై(విలువలు, ఫంక్షన్(వ) సమ్(వ > 1.5, ఎన్ఏ.ఆర్ఎమ్ = ట్రూ), న్యూమరిక్(1))

ఊ1 కు ఇప్పుడు సగటు 2.0, దాటినవి 2 వస్తయి.

దేవరకొండ_స్టాట్

పై జవాబుతో కోత సరిపోతుంది, లెక్క ఇంకా సరిపోలేదు. ఆ కోడ్ నడిపితే ఊ2 కు సగటు 1.2, ఊ5 కు ఎన్ఏఎన్ (లెక్క తేలని సంఖ్య) వస్తాయి. ఊ5 కు 'దాటినవి' కాలమ్‌లో మాత్రం శుభ్రంగా 0 కూర్చుంటుంది. రిపోర్ట్ చదివేవాళ్లు దాన్ని 'ఈ ఊర్లో ఒక్క బోరూ పరిమితి దాటలేదు' అని చదువుకుంటారు. అసలు అక్కడ రీడింగే లేదు. వార్నింగ్ ఇచ్చే తప్పుకన్నా ఇలాంటి సున్నా ప్రమాదం.

ఎందుకంటే రీడ్.సీఎస్‌వీ అక్షరాల కాలమ్‌లోని ఖాళీ సెల్‌ను ఎన్ఏగా కాక ఖాళీ స్ట్రింగ్‌గా చదువుతుంది. ఖాళీ స్ట్రింగ్‌ను విడగొడితే సున్నా పొడవున్న వెక్టర్ వస్తుంది. సున్నా పొడవు వెక్టర్ మొత్తం 0, సగటు ఎన్ఏఎన్, గరిష్ఠం మైనస్ ఇన్ఫినిటీ. మూడు ఫంక్షన్లు మూడు రకాలుగా మాట్లాడతాయి. చదివేటప్పుడే ఎన్ఏ.స్ట్రింగ్స్‌లో ఖాళీ కొటేషన్ కూడా చేర్చండి. అప్పుడు ఊ5 ఒక ఎన్ఏ ముక్కగా నిలబడుతుంది. అయినా ఎన్ఏ.ఆర్ఎమ్ పెట్టి కూడితే మళ్లీ 0 నే వస్తుంది కాబట్టి, పక్కన 'రీడింగ్ ఉన్న బోర్లు' అని ఇంకో కాలమ్ తప్పకుండా ఉంచండి:

నీళ్లు$ఉన్నవి <- వీఅప్లై(విలువలు, ఫంక్షన్(వ) సమ్(!ఈజ్.ఎన్ఏ(వ)), న్యూమరిక్(1))

ఉన్నవి సున్నా అయిన చోట దాటినవి కూడా ఎన్ఏ చేయండి.

ఊ4 లో రెండు పైప్‌లు పక్కపక్కన ఉన్నాయి. మధ్య ముక్క ఖాళీ స్ట్రింగ్. యాజ్.న్యూమరిక్ దాన్ని ఎన్ఏ చేస్తుంది కానీ వార్నింగ్ ఇవ్వదు. ఖాళీకి, స్పేస్‌లు మాత్రమే ఉన్నదానికి నోరు విప్పదు, '<0.2' లాంటి చదవలేని రాతకే వార్నింగ్. కాబట్టి వార్నింగ్ లేదంటే డేటా నిండుగా ఉందని కాదు. ఏ ముక్కలు సంఖ్యలు కాలేకపోతున్నాయో నేరుగా అడగడం మేలు:

ము <- అన్‌లిస్ట్(ముక్కలు)
టేబుల్(ము[ఈజ్.ఎన్ఏ(యాజ్.న్యూమరిక్(ము))])

మీ నమూనాలో ఇది '<0.2' ఒకటి, ఖాళీ ఒకటి చూపిస్తుంది. అసలు ఫైల్‌లో 'బీడీఎల్' (పరికరం పట్టగలిగినదానికన్నా తక్కువ), 'ఎండిపోయింది', '1..4', '2,1' వంటివి ఎన్ని బయటపడతాయో చూసి, ఒక్కోదానికి ఏం చేయాలో తేల్చుకున్నాకే ముందుకు పోండి. సప్రెస్‌వార్నింగ్స్ పెట్టి నోరు మూయించడం మాత్రం వద్దు.

ఇక '<0.2' సంగతి. ఇది రీడింగ్ లేకపోవడం కాదు. పరికరం పట్టగలిగినదానికన్నా తక్కువ ఉందన్న కబురు. దీన్ని ఎన్ఏ చేసి వదిలేస్తే మంచి నీళ్లున్న బోరునే లెక్కలోంచి తీసేసినట్టు. ఊ2 తోనే చూడండి. ఇండ్ల వెయిటెడ్ సగటులో దాన్ని వదిలేస్తే 152 ని 135 తో భాగించి 1.13 వస్తుంది. పరిమితిలో సగం, అంటే 0.1 గా తీసుకుంటే 156 ని 175 తో భాగించి 0.89. పూర్తిగా 0.2 గా తీసుకున్నా 0.91 దాటదు. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 లో ఫ్లోరైడ్‌కు కోరదగ్గ హద్దు 1.0 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే హద్దు 1.5. వదిలేయడం వల్ల ఊ2 కోరదగ్గ హద్దుకు అటు పక్కకు పోయింది. సగం తీసుకోవడం అందరూ వాడే పద్ధతి. ఫైల్‌లో ఇలాంటివి కొద్దిగా ఉంటే చాలు. సగం రీడింగులు అలాగే ఉంటే దాంతో సరిపెట్టకూడదు, ఇలా హద్దు మాత్రమే తెలిసిన డేటాకు (సెన్సార్డ్ డేటా) వేరే పద్ధతులున్నాయి. గుర్తును మాత్రం పారేయకండి:

తక్కువ <- గ్రెప్ల్("^<", ము)
వి <- యాజ్.న్యూమరిక్(సబ్("^<", "", ము))
వి[తక్కువ] <- వి[తక్కువ] / 2

1.5 దాటిన బోర్ల లెక్కకు ఈ సగం గొడవతో సంబంధమే లేదు. 0.1 అయినా 0.2 అయినా దాటదు.

గద్వాల్_కోడ్

లిస్టుల మీద లెక్కలు ఎందుకు అన్నా, బోరుకు ఒక వరుస చేసుకుంటే అయిపాయె. టైడీఆర్ ప్యాకేజీ 1.3 నుంచి సెపరేట్_లాంగర్_డెలిమ్ ఉంది. పైప్‌ను మామూలు అక్షరంగానే తీసుకుంటది, ఫిక్స్‌డ్ గిక్స్‌డ్ ఏం చెప్పనక్కర్లే:

బోర్లు <- సెపరేట్_లాంగర్_డెలిమ్(నీళ్లు, సీ(ఫ్లోరైడ్, ఇండ్లు), డెలిమ్ = "|")

రెండు కాలమ్‌లు జతగా విడిపోతయి. పాత సెపరేట్_రోస్ వాడకుర్రి. దానికి సెప్ చెప్పకపోతే అక్షరాలు, అంకెలు, చుక్క తప్ప ఏది కనిపించినా కోస్తది, '<0.2' లో ఆ గుర్తు కూడా కోతలో పోతది, మిగిలిన 0.2 అసలు రీడింగ్ లెక్క కూసుంటది. కన్వర్ట్ కూడా పెడితే ఇంకెవరికీ తెల్వదు.

మునుగోడు_డేటా

థ్యాంక్స్ అన్నా, థ్యాంక్స్ మేడమ్. ఫిక్స్‌డ్ పెట్టంగనే ఊ1 సరైంది. పెద్ద ఫైల్ మీద సెపరేట్_లాంగర్_డెలిమ్ కూడా నడిపిన. రెండు అనుమానాలు.

ఒకటి, విడగొట్టినంక ఇండ్ల మొత్తం పెరిగింది. నమూనాలోనే ఊ3 కు 95 ఉండాలె, 190 వస్తుంది.

రెండు, టేబుల్ నడిపితే చదవలేని ముక్కల్లో '1.8', '2.4' కూడా కనిపిస్తున్నయి. కండ్లకు మంచిగనే ఉన్నయి, యాజ్.న్యూమరిక్ మాత్రం ఎన్ఏ అంటుంది. కొన్నేమో తెలుగు అంకెల్లోనే ఉన్నయి, అవి సరే.

పాలమూరు_ఆర్

మొదటిది నేను చెప్త.

ఊ3 లో ఫ్లోరైడ్ '4.2|', చివర పైప్ మిగిలిపోయింది. ఇక్కడ రెండు పనిముట్లు రెండు తీర్లుగా నడుస్తయి. బేస్ స్ట్ర్‌స్ప్లిట్ చివర గుర్తు ఉంటే దాని తర్వాతి ఖాళీని లెక్కపెట్టదు, ఒక్క ముక్కే ఇస్తది. అదీ చివరి ఒక్క ఖాళీనే, '4.2||' అని ఉంటే రెండు ముక్కలొస్తయి. టైడీఆర్ లోపల నడిచే స్ట్రింగర్ పద్ధతి మాత్రం ఏ ఖాళీనీ వదలదు, '4.2' ఒకటి, ఖాళీ ఒకటి ఇస్తది. ఇండ్ల కాలమ్‌లో ఒక్కటే 95. రెండుకూ ఒకటికీ జత కుదరాలె కాబట్టి 95 ను రెండు వరుసల్లోనూ పెట్టింది. మూడుకూ రెండుకూ అయితే ఎర్రర్ ఇచ్చి ఆగేది. ఒక్కటి ఉన్నప్పుడే చప్పుడు చేయకుండా పొడిగిస్తది. బేస్‌లో చేత్తో గుణించినా ఇంతే కథ. నాలుగును రెండుతో గుణిస్తే వార్నింగ్ కూడా రాదు, నాలుగును మూడుతో అయితేనే వస్తది.

అందుకే విడగొట్టకముందే పైప్‌లు లెక్కపెట్టి చూసుకోవాలె:

ఎన్ని <- ఫంక్షన్(క) ఎన్‌క్యార్(క) - ఎన్‌క్యార్(జీసబ్("|", "", క, ఫిక్స్‌డ్ = ట్రూ)) + 1
నీళ్లు[ఎన్ని(నీళ్లు$ఫ్లోరైడ్) != ఎన్ని(నీళ్లు$ఇండ్లు), ]

మొత్తం పొడవులోంచి పైప్‌లు తీసేసిన పొడవు పోతే పైప్‌ల సంఖ్య, దానికి ఒకటి కలిపితే ముక్కల సంఖ్య. నమూనా మీద ఊ3, ఊ5 పడతయి. ఊ5 కు ఫ్లోరైడ్ ఖాళీ, ఇండ్లు రెండు. అంటే రెండు బోర్లున్నయి, రీడింగులు రాలేదు. ఎన్ఏ.స్ట్రింగ్స్‌తో చదివినవంటే ఊ5 కు ఈ పోలిక ట్రూ కాదు, ఫాల్స్ కాదు, ఎన్ఏ అయితది. వరుసంతా ఎన్ఏలతో కనిపిస్తది. కాబట్టి ఈ తనిఖీ ఖాళీలను ఎన్ఏ చేయకముందు నడుపు.

చివరి పైప్‌ను సబ్("[|]$", "", ...) తో కొట్టేయబుద్ధి అయితది. అన్నిటికీ ఒకటే కత్తెర పెట్టకు. '2.1|1.9|' పక్కన ఇండ్లు '60|35|70' ఉంటే ఆ చివరి ఖాళీ నిజమైన మూడో బోరు. ఇండ్ల పక్కన ముక్కలు తక్కువుంటేనే చివరి పైప్ వట్టిది.

వెయిటెడ్ సగటు దగ్గర ఇంకో గుంత. చాలామంది ఇట్ల రాస్తరు:

సమ్(ఫ * ఇ, ఎన్ఏ.ఆర్ఎమ్ = ట్రూ) / సమ్(ఇ, ఎన్ఏ.ఆర్ఎమ్ = ట్రూ)

ఊ4 మీద చూడు. ఫ్లోరైడ్ 2.1, ఎన్ఏ, 1.9. ఇండ్లు 60, 35, 70. పైన 126 కు 133 కలిపి 259. ఎన్ఏ వచ్చిన 35 ఇండ్లు పైన పోయినయి, కింద మాత్రం ఉండిపోయినయి: 165. భాగిస్తే 1.57. నిజానికి 130 తో భాగించాలె, 1.99 రావాలె. రీడింగ్ లేని 35 ఇండ్లకు ఫ్లోరైడ్ సున్నా అని చెప్పినట్టయింది. వెయిటెడ్.మీన్ ఫంక్షన్ ఈ పని సరిగ్గ చేస్తది, ఫ్లోరైడ్ ఎన్ఏ అయిన చోట ఇండ్లను కూడా పక్కన పెడతది:

వసగటు <- ఎంఅప్లై(ఫంక్షన్(ఫ, ఇ) వెయిటెడ్.మీన్(ఫ, ఇ, ఎన్ఏ.ఆర్ఎమ్ = ట్రూ), విలువలు, ఇండ్లలిస్ట్)

ఇండ్లలిస్ట్ అంటే ఇండ్ల కాలమ్‌ను కూడా విలువల తీరుగనే విడగొట్టి సంఖ్యలు చేసింది. రెండు పొడవులు కలవకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగుతది. అది మనకు మేలే. ఇండ్ల వైపు ఎన్ఏ ఉంటే మాత్రం ఎన్ఏ.ఆర్ఎమ్ ఏం చేయదు, జవాబే ఎన్ఏ వస్తది. ఊ1 కు ఇది 417 బై 255, అంటే 1.64. ఉత్త సగటు 2.0 ఉండె. ఎక్కువ ఇండ్లు తాగే బోర్లలో ఫ్లోరైడ్ తక్కువుందన్నట్టు.

బోరుబావి

రెండో అనుమానానికి. కండ్లకు కనిపించే అక్షరం నమ్మొద్దు, నంబర్ చూడాలి. పట్టుకున్న ముక్క ఒకటి తీసుకుని:

యూటీఎఫ్8టుఇంట్(చెడ్డముక్క)

'1.8' కు 49, 46, 56 మాత్రమే రావాలి. ఇంకేదైనా వస్తే అదే దొంగ. 160 అంటే విడవని స్పేస్, వెబ్ పేజీలోంచో వర్డ్ లోంచో కాపీ చేస్తే వస్తుంది. మామూలు స్పేస్ ముందూ వెనకా ఉంటే యాజ్.న్యూమరిక్ పట్టించుకోదు, 160 ని మాత్రం ఒప్పుకోదు. మామూలు ట్రిమ్‌డబ్ల్యూఎస్ కూడా దాన్ని తీయదు. 8204 అంటే తెలుగు కీబోర్డుతో కొట్టేవాళ్లకు బాగా పరిచయమైనది, పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా మధ్యలో పెట్టేది. వెడల్పు సున్నా కాబట్టి స్క్రీన్ మీద ఎంత చూసినా కనపడదు. 3174 నుంచి 3183 దాకా తెలుగు అంకెలు.

మూడింటినీ విడగొట్టకముందే కాలమ్ మొత్తం మీద తుడిచేయండి (క అంటే ఆ కాలమ్):

క <- జీసబ్(ఇంట్‌టుయూటీఎఫ్8(8204), "", క, ఫిక్స్‌డ్ = ట్రూ)
క <- జీసబ్(ఇంట్‌టుయూటీఎఫ్8(160), "", క, ఫిక్స్‌డ్ = ట్రూ)
క <- క్యార్ట్ఆర్("౦౧౨౩౪౫౬౭౮౯", "0123456789", క)

క్యార్ట్ఆర్ అక్షరానికి అక్షరం మారుస్తుంది, అందుకని రెండు వైపులా పది పది సరిగ్గా వరుసలో ఉండాలి. ఊరి పేరు కాలమ్ మీద 8204 తుడిచేముందు ఆలోచించండి, పేరు కనిపించే తీరు మారుతుంది. కానీ ఒకే ఊరు ఒకచోట ఆ గుర్తుతో, ఇంకోచోట లేకుండా ఉంటే మెర్జ్‌లో రెండు ఊర్లవుతాయి. జత కలపడానికి తుడిచిన పేరు ఒక కాలమ్, చూపించడానికి అసలు పేరు ఇంకో కాలమ్ పెట్టుకోవచ్చు.

మీది 4.3 కాబట్టి తెలుగు అక్షరాల వరకు గొడవ తక్కువ. విండోస్‌లో 4.2 నుంచే ఆర్ యూటీఎఫ్-8 లో నడుస్తోంది, విండోస్ 10 కొత్త వెర్షన్లలో. ఇదే స్క్రిప్టును ఆఫీసులో పాత ఆర్ ఉన్న సిస్టమ్ మీద నడిపితే ఊరి పేర్ల బదులు కోడ్ నంబర్లు కనిపించొచ్చు. ఎక్సెల్‌లో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో కనపడని బామ్ గుర్తు (ఎన్‌కోడింగ్ చెప్పే ముద్ర) చేరుతుంది, మొదటి కాలమ్ పేరుకు చెత్త అంటుకుంటుంది. రీడ్.సీఎస్‌వీలో ఫైల్‌ఎన్‌కోడింగ్ = "యూటీఎఫ్-8-బామ్" అంటే పోతుంది.

దేవరకొండ_స్టాట్

చదివే దగ్గరే ఇంకొకటి చేర్చండి: కాల్‌క్లాసెస్ = "క్యారెక్టర్". మీరు మండలం వారీగా ఫైళ్లు చదువుతూ పోతే, ఏదో ఒక మండలంలో ఊరికి ఒక్క బోరే పరీక్షించి ఉంటారు. అందులో పైప్‌లే ఉండవు, ఆర్ ఆ కాలమ్‌ను సంఖ్యగా చదివేస్తుంది, స్ట్ర్‌స్ప్లిట్ 'నాన్-క్యారెక్టర్ ఆర్గ్యుమెంట్' అని ఆగుతుంది. 4.0 కు ముందు వెర్షన్లలో అయితే అక్షరాల కాలమ్ కూడా ఫ్యాక్టర్ (వర్గాల రకం కాలమ్) అయిపోయి ఇదే ఎర్రర్ వచ్చేది. ఆ కాలపు జవాబులు చూసి అడుగడుగునా యాజ్.క్యారెక్టర్ తగిలిస్తుంటారు, ఇప్పుడు చదివేటప్పుడు ఒక్కసారి చెబితే చాలు.

ఊర్ల సగటుల నుంచి మండలం సగటు తీసేటప్పుడు ఊరి సగటులను మళ్లీ సగటు చేయకండి. ఊ1 లో నాలుగు బోర్లు, సగటు 2.0. ఊ3 లో ఒకే బోరు, 4.2. సగటుల సగటు 3.1. ఐదు బోర్లూ కలిపితే 12.2 బై 5, అంటే 2.44. బోరుకు ఒక వరుస చేసుకున్నాక మండలం మీద గ్రూప్ చేస్తే ఈ చిక్కు ఉండదు. ఊరిని యూనిట్‌గా చూపాల్సిన రిపోర్ట్ అయితే 3.1 కూడా తప్పు కాదు, ఏది చూపుతున్నారో శీర్షికలో రాయండి.

గ్రూప్ చేసేటప్పుడు ఊరి పేరు ఒక్కటే వాడొద్దు. కొత్తపల్లి లాంటి పేర్లు మండలానికొకటి ఉంటాయి. ఊరు, మండలం, వర్షాకాలం ముందా తర్వాతా అన్నది, మూడూ కలిపి కీ చేసుకోండి. లేకపోతే రెండు సీజన్ల రీడింగులు ఒకే కుప్పలో పడతాయి.

మునుగోడు_డేటా

పాత ఫైళ్లు కూడా కలపాలె మేడమ్, 2014 నుంచి ఉన్నయి. వాటిల్ల పైప్ బదులు ఒకచోట కామా, ఒకచోట అడ్డగీత ఉన్నయి.

బోరుబావి

కామా ఉన్నవి ఎక్సెల్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేశారా అని ముందు కనుక్కోండి. ఇండ్ల కాలమ్‌లో '120,450' అని ఉంటే ఎక్సెల్ దాన్ని రెండు బోర్లుగా చూడదు, లక్షా ఇరవై వేల నాలుగొందల యాభై అనుకుంటుంది. అడ్డగీత ఇంకా చెడ్డది. '3-4' తేదీ అయిపోతుంది, తిరిగి రాదు. అలాంటి సెల్‌లకు ఆర్‌లో మందు లేదు, సేవ్ చేయకముందు ఫైలో కాగితమో వెతకాలి. ఇకముందు తెరవాల్సి వస్తే డబుల్ క్లిక్ చేయకుండా, డేటా మెనూ నుంచి టెక్స్ట్‌గా దిగుమతి చేసుకుని ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని చెప్పండి.

బాగున్న ఫైళ్లలో గుర్తులు వేరువేరుగా ఉంటే స్ట్ర్‌స్ప్లిట్‌కు "[|,;]" ఇవ్వండి, ఈసారి ఫిక్స్‌డ్ లేకుండా. '2,1' అని దశాంశానికి కామా కొట్టినవాళ్లు ఉంటే ఇది దాన్ని 2, 1 గా కోస్తుంది. అందుకే గుర్తును ఫైల్ ఫైల్‌కు వేరుగా చెప్పడం నయం, అన్నిటికీ ఒకే బ్రాకెట్ పెట్టడం కన్నా.

2014 నుంచి అంటే జిల్లా కాలమ్ కూడా చూసుకోవాలి. 2016 అక్టోబరులో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ వైపు ఫైళ్లు కూడా ఉంటే నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అప్పుడే వచ్చాయి, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో. 2016 లోనే కొత్త మండలాలూ పుట్టాయి, కాబట్టి పైన చెప్పిన మూడు కాలమ్‌ల కీ పాత ఫైళ్లకు కుదరదు. పాత మండలం, కొత్త మండలం, కొత్త జిల్లా ఉన్న చిన్న పట్టిక ఒకటి చేసుకుని ముందు దాంతో మెర్జ్ చేయండి. మెర్జ్‌కు ఆల్.ఎక్స్ = ట్రూ పెట్టండి, లేకపోతే జత దొరకని ఊర్లు మాట్లాడకుండా మాయమవుతాయి.

గద్వాల్_కోడ్

డేటా.టేబుల్ ప్యాకేజీ వాడేటోళ్లకు, ఒక్క లైన్:

నీళ్లు[, .(ఫ = అన్‌లిస్ట్(స్ట్ర్‌స్ప్లిట్(ఫ్లోరైడ్, "|", ఫిక్స్‌డ్ = ట్రూ)), ఇ = అన్‌లిస్ట్(స్ట్ర్‌స్ప్లిట్(ఇండ్లు, "|", ఫిక్స్‌డ్ = ట్రూ))), బై = .(మండలం, ఊరు, సీజన్)]

పొడవులు కలవకపోతే ఇక్కడ కూడా ఒక్కటే ఉన్నదాన్ని పొడిగిస్తది, పైన అన్న చెప్పిన పైప్‌ల తనిఖీ ముందు నడపాల్సిందే. ఫ, ఇ రెండూ ఇంకా అక్షరాలే. '<' సంగతి తేలినంకనే సంఖ్యలు చేయుర్రి. మళ్లీ పైప్‌లతో ఒకే సెల్ అడిగే ఆఫీసుకు పంపాలంటే పేస్ట్(ఫ, కొలాప్స్ = "|"), ఎన్ఏలను ముందు ఖాళీగా మార్చి. లేకుంటే 'ఎన్ఏ' అన్న రెండక్షరాలు కూడా రీడింగుల మధ్యల అచ్చయితయి.